వెనక వరస ముందు

మా చోడవరం విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి మారిన ఏడాది, అంటే 2022లో జరిగిన సంగతి ఇది. నా షాపు బోర్డు మీద ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. పెయింటరు దొరక్క కాదు, నాకు బద్ధకం. కంప్యూటర్ల రిపేర్లు, సీసీ కెమెరాలు, ఆఫీసుల్లో నెట్‌వర్కులు, మొరాయించిన ప్రింటర్లను బుజ్జగించడం, ఇదీ నా వృత్తి. పేరు రమణ. ఊళ్ళో సగం మందికి కంప్యూటర్ రవణని.

ఇన్నేళ్ళలో చిత్రమైన కేసులు చాలా చూశాను. పవర్ సప్లైలోకి బల్లి దూరి చచ్చిపోతే బిల్డింగంతా చీకటైపోయిన కేసు ఉంది. మౌస్ పనిచేయడం లేదని పనులన్నీ మాన్పించి పిలిపించి, తీరా వెళ్తే దాన్ని తిరగేసి పట్టుకున్న పెద్దమనిషి కేసూ ఉంది. అవన్నీ టీ కొట్టు దగ్గర కబుర్లకు పనికొస్తాయి. నేను పనిచేసే పద్ధతినే మార్చేసిన కేసు మాత్రం ఒక్కటే. అది చర్చి పక్క హాల్లో నడిచే కంప్యూటర్ సెంటరుది.

ఆ సెంటరు పుట్టుకే కాస్త తమాషాగా జరిగింది. విశాఖలో ఒక కంపెనీ తన పాత కంప్యూటర్లు తీసేస్తూ, ఊరికే పారేయడం ఎందుకని ఈ చర్చి వాళ్ళకు దానమిచ్చింది. అయితే తమ లెక్కలూ రహస్యాలూ బయటికి పోకుండా హార్డ్‌డిస్కులన్నీ పీకేసి మరీ ఇచ్చింది. లారీ దిగిన పెట్టెలు చూసి సంఘ పెద్ద ప్రకాశరావు గారు నన్ను పిలిపించారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. చెరకు రైతు, మాట కరకు. హాల్లో ఫ్యాన్లు లేవంటే ఇంట్లో తన మంచం మీద తిరిగే ఫ్యాను విప్పించి తెచ్చి బిగించిన మనిషి కూడా ఆయనే.

"బుర్రల్లేని మిషన్లిచ్చేరు బాబూ. ఏటి సేస్తాం ఈటితోటి?" అన్నారు.

"బుర్ర ఒక్కటి చాలండి, అందరికీ సరిపోతుంది" అన్నాను. ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉంది. ఇలాంటి అవకాశం కోసమే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం నేర్చుకున్నానేమో అనిపించింది.

డిస్క్‌లెస్ వర్క్‌స్టేషన్ అంటే డిస్కు లేని కంప్యూటర్. వంటిల్లు లేని ఇల్లు లాంటిది. తిండి బయటి నుంచి క్యారేజీలో రావాలి. ఆన్ చేయగానే దానిలోని నెట్‌వర్క్ కార్డు 'ఇక్కడెవరైనా ఉన్నారా, నాకొక అడ్రసు కావాలి' అని తీగలోకి కేక పెడుతుంది. సర్వర్‌లో ఉన్న డీహెచ్‌సీపీ అనే ప్రోగ్రాం ఆ కేక విని అడ్రసు ఇచ్చి, ఫలానా ఫైలు తెచ్చుకో అని చెబుతుంది. అప్పుడు టీఎఫ్‌టీపీ అనే పాతకాలపు పద్ధతిలో లినక్స్ చిన్న చిన్న ముక్కలుగా వచ్చి కంప్యూటర్‌లో చేరుతుంది. ఒక ముక్క అందిందని చెబితేనే రెండో ముక్క వస్తుంది. అందకపోతే కాసేపు చూసి మళ్ళీ అడుగుతుంది. అలా కొన్నిసార్లు అడిగి, విసిగి, టైమవుట్ అని తెర మీద రాసి ఊరుకుంటుంది. ఇదంతా కలిపి నెట్‌వర్క్ బూట్.

నాలుగు వరసల్లో కంప్యూటర్లు పెట్టి, మూలన ఒక సర్వరు, దానికీ వీటికీ మధ్య అన్ని తీగలనూ కలిపే స్విచ్ బిగించాను. అన్నీ దానాలే కాబట్టి స్విచ్ కూడా పాతదే. మొదట్లో ఒక మాస్టారు వచ్చి పాఠం చెప్పేవారు. ఆయన ఉన్నంత కాలం ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఆయన వేరే కొలువు దొరికి వెళ్ళిపోయాక కరుణ అనే టీచర్‌ను పెట్టారు. ముప్పై లోపు వయసు, బుచ్చయ్యపేట వైపు పిల్ల. అదే హాల్లో కుట్టు మిషన్లూ టైపు మిషన్లూ ఉన్న రోజుల్లో టైపు నేర్చుకుని, తరవాత అనకాపల్లిలో డిగ్రీ చేసింది. ఆమె చేరిన కొద్ది వారాలకే ప్రకాశరావు గారి ఫోను వచ్చింది.

"ఏటి బాబూ, నువ్వెట్టిన మిషన్లు లెగట్లేదంట. ఓపాలి వచ్చి సూడు."

"వస్తానండి. మధ్యాహ్నం వస్తాను, క్లాసు అయిపోయాక. గది ఖాళీ చేయించి ఉంచండి" అన్నాను.

ఈ చివరి మాట నా తారకమంత్రం. ఎక్కడికి పిలిచినా ముందు గది ఖాళీ చేయించేవాణ్ణి. జనం ఉంటే నాకు చిరాకు. ఒకరు 'నిన్న బాగానే ఉందండీ' అంటారు, ఇంకొకరు తీగ తొక్కుతారు, మూడో ఆయన తన ఫోను కూడా కాస్త చూడమంటారు. మా వృత్తిలో చాలామంది ఇంతే. మనిషి లేని గదిలో యంత్రంతో ఒంటరిగా మాట్లాడుకుంటే జబ్బు అదే చెబుతుందని మా నమ్మకం.

వెళ్ళాను. హాల్లో కరుణ ఒక్కతే ఉంది. మొదటి కంప్యూటర్ ఆన్ చేశాను, లేచింది. రెండోది లేచింది. అలా ఒక్కొక్కటే నాలుగు వరసలూ చూసుకుంటూ వెళ్ళాను. అన్నీ చక్కగా లేచి, లాగిన్ తెర చూపించి నా ఎదురుగా కూర్చున్నాయి.

"పొద్దున్న ఈ మిషన్ లెగలేదు సార్" అంది కరుణ, మూడో వరసలో ఒకదాన్ని చూపించి.

"ఇప్పుడు లేచిందిగా."

"మీరు నొక్కితే లెగుస్తంది. మేం నొక్కితే లెగట్లేదు. అదీ రోజూ ఒకటే కాదు. ఇయ్యాల ఇది, రేపు ఇంకోటి."

రోజుకొకటి చొప్పున మారే జబ్బంటే మా వాళ్ళకు మహా కోపం. పోయింది పోయినట్టు ఉంటే మార్చి పారేయొచ్చు. వచ్చీ పోయీ తిప్పలు పెట్టేదాన్ని ఏం చేస్తాం? కేబుల్ కొసలు వదులైపోయాయేమోనని అనుమానం ఉన్నవాటికి కొత్త కొసలు బిగించి వచ్చేశాను.

నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. ఈసారి నా మొదటి అనుమానం వేరు. చర్చి వాళ్ళు ఆదివారం ఆరాధన ఫోన్లలో చూపించడానికి వైఫై రౌటర్ పెట్టుకుని ఉంటారు, దాని తీగ తెచ్చి నా స్విచ్‌లో గుచ్చి ఉంటారు, అది కూడా అడ్రసులు పంచిపెడుతూ నా సర్వర్‌తో పోటీ పడుతోంది అనుకున్నాను. ఇలాంటి దొంగ డీహెచ్‌సీపీలు నేను చాలాచోట్ల పట్టుకున్నాను. మళ్ళీ గది ఖాళీ చేయించి, ల్యాప్‌టాప్ తగిలించి, తీగలో పోయే ప్రతి ముక్కనూ చూశాను. దొంగ లేడు, దొర లేడు. రౌటర్ అసలు హాల్లోనే లేదు. స్విచ్‌లో పోర్టులు మార్చి చూశాను. బయోస్‌లో, అంటే కంప్యూటర్ తొలి సెట్టింగుల్లో, బూట్ ఆర్డర్ చూశాను. అన్నీ సవ్యమే. మళ్ళీ వరసగా ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్తే ఒక్కటి కూడా నన్ను నొప్పించలేదు.

అప్పుడే ప్రకాశరావు గారు లోపలికొచ్చారు.

"ఏటి బాబూ, దొరికిందా?"

"అన్నీ బాగానే లేస్తున్నాయండి" అన్నాను. ఉన్నమాటే అది.

ఆయన కరుణ వైపు చూడకుండా నాతోనే అన్నారు, "అయితే మిషన్లలో ఏటీ లేదన్నమాట. పాత మాస్టారున్నప్పుడు ఒక్క గొడవ లేదు. ఇప్పుడు గంట క్లాసులో సగం వీటిని లేపడానికే సరిపోతంది. గుంటల తల్లిదండ్రులు అడుగుతన్నారు నన్ను. కొందరి సెయ్యి అలాటిది బాబూ. ఏటి సేస్తాం."

నాకు ఒళ్ళు మండింది. "చేతికీ నెట్‌వర్క్‌కీ సంబంధం లేదండీ" అన్నాను.

"లేపోతే మరేటో సెప్పు."

నేను ల్యాప్‌టాప్ తీగ పీకి చుట్టడం మొదలుపెట్టాను. ఆయన గుమ్మం వైపు నడుస్తూ, "శనివారం పొద్దున్న కమిటీ కూర్చుంటంది. పాత మాస్టారు మళ్ళీ వస్తానంటన్నాడు. అప్పుడు సూద్దాం" అని వెళ్ళిపోయారు.

నేను పరికరాలు సర్దుకుంటుంటే కరుణ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "పట్టించుకోకండి టీచర్ గారూ, పెద్దాయన మాట తీరు అంతే" అన్నాను.

"ఆయన్ననడానికేం లేదు సార్" అంది. "ఇక్కడ టైపు నేర్చుకునేటప్పుడు మా ఊరి నుంచి ఆటోలో వచ్చీదాన్ని నేను. ఆటో నిండితే గానీ కదలదు కదా. నేనొచ్చేసరికి రోజూ సగం పాఠం అయిపోయేది. ముందొచ్చిన టౌను పిల్లలే ముందుకెళ్ళేవోరు. ఎప్పుడైనా నేను పాఠం సెప్పే రోజొస్తే అందర్నీ ఒక్కలాగే నడిపించాలనుకునేదాన్ని. ఈ రోజుకీ అందరూ వచ్చేదాకా పాఠం మొదలెట్టను. అంత శ్రద్ధగా సేస్తే ఇలాగయ్యింది." గొంతు తగ్గించి, "నాకూ అనుమానం వస్తంది సార్. నిజంగా నా సెయ్యేనేమోనని" అంది.

చదువుకున్న పిల్ల, యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిసిన పిల్ల, ఆ మాట అనేసరికి నాకు చాలా బాధేసింది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఎక్కడికెళ్ళినా తన చెయ్యి మంచిది కాదనే భయం వెంటబడటం ఇంకో ఎత్తు. దారంతా అదే ఆలోచన. అయినా ఆమె చెప్పినదాంట్లో అసలు సంగతి ఉందని నాకు తట్టలేదు. మంచి టీచరని మాత్రం అనుకున్నాను.

శుక్రవారం ప్రకాశరావు గారికి నేనే ఫోను చేశాను. కమిటీ కూర్చోకముందే నేను ఇంకోసారి చూస్తాను, గది ఖాళీ చేయించండి అన్నాను.

"ఖాళీ సేస్తే ఎవరు సూస్తారు? గుంటలుండాల, టీచరుండాల, కమిటీ ఉండాల. అందరి ముందూ తేలాల" అన్నారు.

నేను సణిగాను. ఆయన వినలేదు. ఈ రోజుకీ ఆ మొండితనానికి నేను రుణపడి ఉన్నాను.

శనివారం పొద్దున్నే వెళ్ళి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాను. ఆ హాలును పిల్లలతో చూడటం అదే మొదటిసారి. ముందు వరసల్లో ఊళ్ళో పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. గోడ వారన కమిటీ పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. "వందనాలండీ" అని అందరూ పలకరించారు. వెనక వరస ఖాళీగా ఉంది. ఒక్క కంప్యూటర్ కూడా ఆన్ అయి లేదు. ఆన్ చేయడానికి నేను చెయ్యి చాపితే ముందు వరస పిల్ల ఒకతి, "ఇప్పుడే కాదు సార్, ఆటో రాలేదు" అంది.

ఆటో వచ్చింది. గోవాడ వైపు నుంచీ బుచ్చయ్యపేట వైపు నుంచీ వచ్చే పిల్లలు చెదిరిన జడలతో గబగబా లోపలికొచ్చి వెనక వరసలో సర్దుకున్నారు. కరుణ అందరినీ ఒకసారి చూసుకుని, "ప్రార్థన" అంది. పిల్లలంతా లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం మూసుకోలేదు. కాబట్టే కనిపించింది. కళ్ళు మూసుకున్న ప్రతి పిల్లా కుడి చేతి వేలు పవర్ బటన్ మీద ఆనించి ఉంది.

కరుణ చిన్న ప్రార్థన చేసింది. ఈ రోజు పాఠం అందరికీ ఒక్కలాగే అర్థం కావాలని, ఎవరూ వెనకబడకూడదని. "ఆమెన్" అంది. పిల్లలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు. ఆ మాటతో పాటే హాలంతా ఒకటే టక్కుమన్న చప్పుడు.

నేను మూలన ఉన్న స్విచ్ వైపు చూశాను. మామూలుగా దాని దీపాలు ఒకటి తరవాత ఒకటి మిణుకుమంటాయి. అప్పుడు మాత్రం అన్నీ కలిసి పిచ్చెక్కినట్టు కొట్టుకున్నాయి. కాసేపటికి కొన్ని కంప్యూటర్లు లేచాయి. మిగిలినవి నల్లటి తెర మీద చుక్కలు పెట్టుకుంటూ పోయి, చివరికి టైమవుట్ అని రాశాయి. అందులో ముందు వరసవీ ఉన్నాయి, వెనకవీ ఉన్నాయి.

కమిటీలో ఒకాయన పెదవి విరిచారు. కరుణ ముఖం పాలిపోయింది. అయినా పద్ధతి తప్పకుండా, "అందరూ ఆపేయండమ్మా. లేచినోళ్ళు కూడా ఆపేయండి. మళ్ళీ కలిసే మొదలెడదాం" అంది. మళ్ళీ ప్రార్థన, మళ్ళీ ఆమెన్, మళ్ళీ టక్కు. ఈసారి వేరేవి కొన్ని పడిపోయాయి.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. రెండుసార్లు గది ఖాళీ చేయించి, ఒక్కొక్క కంప్యూటర్‌ను పెళ్ళికొడుకులా విడిగా పలకరించి, అన్నీ బాగున్నాయని సర్టిఫికెట్ ఇచ్చినవాణ్ణి నేనే. ఒక్కొక్కటి విడిగా అడిగితే ఆ పాత సర్వరూ ఆ పాత స్విచ్చూ హాయిగా వడ్డిస్తాయి. అన్నీ ఒకే క్షణాన అడిగితే స్విచ్ చేతిలో పట్టనన్ని ముక్కలు వచ్చి కొన్ని కింద జారిపోతాయి. ముక్క అందని కంప్యూటర్ మళ్ళీ అడుగుతుంది, దాంతో గోల ఇంకా పెరుగుతుంది. మా భాషలో దీన్ని బూట్ స్టార్మ్ అంటారు, బూట్ తుఫాను. పెద్ద పెద్ద కంపెనీల్లో వస్తుందని చదివానే తప్ప చోడవరంలో, అదీ ఆమెన్‌తో వస్తుందని నేనెలా అనుకుంటాను?

"మీరు రోజూ ఇలాగేనా?" అని అడిగాను.

"అవును సార్" అంది కరుణ.

"పాత మాస్టారున్నప్పుడో?"

వెనక వరసలోంచి ఎస్తేరు అనే పిల్ల లేచి చెప్పింది. "అప్పుడు ఎవులొస్తే ఆళ్ళు ఆన్ సేసేసుకునేవోళ్ళం సార్. మాస్టారు తరవాతెప్పుడో వచ్చేవోరు."

అదీ సంగతి. ఆయన బద్ధకం నా సర్వర్‌ను కాపాడింది. ఈమె క్రమశిక్షణ దాన్ని ముంచింది. తీరు బయటపడింది గానీ, ఇప్పుడు దాన్ని నోటితో చెప్పాలి. చర్చి హాల్లో నిలబడి, సంఘ పెద్దల ముందు, మీ కంప్యూటర్లు లేవకపోవడానికి కారణం ప్రార్థనే అన్నట్టు వినిపించే మాట నేనెలా చెప్పను? నేను వాళ్ళ మతం వాణ్ణి కూడా కాను. నాకు నోటి దురుసు ఉందని ఊరంతా తెలుసు. ఆ రోజు మాత్రం మాటల కోసం వెతుక్కున్నాను. చెప్పకపోతే మాత్రం ఆ పిల్ల ఉద్యోగం పోతుంది.

ప్రకాశరావు గారి దగ్గరికెళ్ళి ఆయన పక్కన కింద కూర్చున్నాను.

"మీ ఊళ్ళో అందరూ చెరకు ఒకే పొద్దున్న నరికి, అందరి బళ్ళూ ఒకేసారి ఫ్యాక్టరీ కాటా దగ్గరికి తోలితే ఏమవుతుందండీ?"

ఆయన నన్ను వింతగా చూశారు. "ఏటవుద్ది, కాటా ఒక్కటే గదా. ఎనకున్న బళ్ళు ఎండలో ఎండిపోతాయి. అందుకే కటింగ్ ఆర్డరిస్తారు. ఈ రోజు నీది, రేపు ఆడిది అని."

"వీటికి కటింగ్ ఆర్డర్ లేదండి. అన్ని బళ్ళూ ఒకే క్షణంలో కాటా ఎక్కుతున్నాయి."

ఆయన స్విచ్ వైపు చూశారు. పిల్లల వైపు చూశారు. బటన్ల మీద ఇంకా తీయని వేళ్ళ వైపు చూశారు. తరవాత మెల్లగా అడిగారు.

"అంటే ఆమెన్ అనడం తప్పంటావేటి?"

కమిటీ పెద్దలంతా నా వైపు తిరిగారు.

"ఆమెన్ తప్పు కాదండీ. ఆమెన్‌తో పాటు వేళ్ళన్నీ కలిసి నొక్కడం తప్పు" అన్నాను.

కరుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏ పని తాను అందరికంటే ప్రేమగా చేసిందో అదే కారణమని తెలిస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? అందరినీ ఒక్కలా నడిపించాలని తాను పెట్టిన నియమమే పిల్లల పాఠం సగం మింగేసింది. ఆమె కళ్ళలోకి చూడటం నాకు కష్టమైంది. "వరసకొక విడతగా చేసి చూద్దాం టీచర్ గారూ" అన్నాను. "ఒక వరస లేచాక ఇంకో వరస."

ముందు వరస పిల్లలు అప్పుడే వేళ్ళు చాపారు. ఎప్పుడూ ముందుండేవాళ్ళు కదా, అలవాటు.

"ఆగండమ్మా" అంది కరుణ. "వెనక వరస ముందు."

ఎస్తేరు వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నొక్కారు. నిమిషం గడిచేసరికి వెనక వరస మొత్తం వెలిగింది. తరవాత మూడోది, రెండోది, అన్నిటికంటే చివర ముందు వరస. ఒక్క తెర కూడా నల్లగా మిగల్లేదు. పిల్లలు చప్పట్లు కొట్టబోయి, పెద్దలున్నారని ఆగిపోయారు.

"అన్నీ ఆపి మళ్ళీ ఓపాలి సెయ్యండి" అన్నారు ప్రకాశరావు గారు. ఏదీ ఒక్కసారికి నమ్మే మనిషి కాదాయన. మళ్ళీ చేశారు. మళ్ళీ అన్నీ లేచాయి.

ఆయన కుర్చీలోంచి లేచి, పక్కనున్న చేతికర్ర కూడా తీసుకోకుండా నడుచుకుంటూ కరుణ ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. క్షమించమని అడిగే అలవాటు ఆ తరం వాళ్ళకు తక్కువ. ఆయన అన్న మాట ఇది.

"నీ సెయ్యి మంచిదేనమ్మా. కాటా సిన్నది."

కరుణ సరేనని తల ఊపి, అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టింది. బోర్డు మీద ఏమీ రాసి లేదు. చాలాసేపు అలా తుడుస్తూనే ఉంది. కమిటీ వాళ్ళు ఇంకేదో మాట్లాడబోతే, "పాత మాస్టారికి కబురెట్టక్కర్లేదు. టీలు తెప్పించండి" అని ప్రకాశరావు గారు ఆ విషయం అక్కడితో ముగించారు.

తరవాత నేను చేయవలసిన పనులు కొన్ని చేశాను. సర్వర్ పంపే ముక్కల సైజు పెంచాను, టైమవుట్ గడువు పొడిగించాను. పిల్లలు మాత్రం ఆ సోమవారం నుంచే తమ పద్ధతి తాము కనిపెట్టుకున్నారు. ప్రార్థన అయ్యాక ఒక పాట పాడతారు. పల్లవికి వెనక వరస, చరణానికొక వరస. పాట అయ్యేసరికి హాలంతా వెలుగుతుంది. ఇంత తియ్యని టైమర్‌ను ఏ ప్రోగ్రామర్ రాశాడో చెప్పండి.

మరుసటి ఏడాది ఎవరో దాత ఇస్తే కొత్త గిగాబిట్ స్విచ్ బిగించాను. పాతదాని కంటే పది రెట్లు ఎక్కువ మోయగలదు. అన్నీ ఒకేసారి నొక్కించి చూశాను, ఒక్కటి కూడా తూలలేదు. "ఇంక వరసలక్కర్లేదు టీచర్ గారూ, మీ పాత పద్ధతిలోనే అందరూ కలిసి నొక్కొచ్చు" అని ఘనంగా చెప్పాను. కొన్నాళ్ళకు ప్రింటర్ చూడ్డానికి వెళ్తే ఇంకా పాట నడుస్తోంది, ఇంకా వెనక వరసే ముందు వెలుగుతోంది.

"ఏంటి టీచర్ గారూ, నా స్విచ్ మీద నమ్మకం లేదా?" అన్నాను.

కరుణ నవ్వింది. "మీ స్విచ్ మారింది గానీ బుచ్చయ్యపేట ఆటో మారలేదు కదా సార్. ఈ గుంటలు ఎక్కడికెళ్ళినా ఎనకే ఉంటన్నారు. రోజుకోపాలైనా ముందుండనీండి."

ఆ కేసు తరవాత నేను గది ఖాళీ చేయించమనడం మానేశాను. ఈ మధ్య ఒక ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి కూర్చున్నాకే సిస్టంలు ఆగిపోతున్నాయట. మీరొచ్చేసరికి అందరినీ బయటికి పంపించి ఉంచుతాం అన్నారు మేనేజరు గారు. వద్దన్నాను. ఎవరినీ లేపకండి, ఆ అమ్మాయిని అసలు లేపకండి, రోజూ చేసే పని రోజూ చేసినట్టే చేసుకోమనండి, నేనొచ్చి ఓ మూల కూర్చుంటాను అన్నాను. చిరాకు నాకు ఇప్పటికీ ఉంది. తీగలు ఇప్పటికీ తొక్కుతారు, ఫోన్లు ఇప్పటికీ చూడమంటారు. ఓర్చుకుంటున్నాను. ఆ చర్చి హాలును నేను రెండుసార్లు ఖాళీ చేయించి వెతికాను. ఖాళీ గదిలో నాకు లోపం దొరకలేదు, నింద మోయడానికి వాళ్ళకొక మనిషి దొరికింది.